మోటారు పడవలపై జలవిహారము

వేసవిలో బడులకు సెలవు లిచ్చిన పిదపను, మరల కార్తికమాసమునను మన యిండ్లలో వినోదయాత్రల ముచ్చట బయలుదేరును. భద్రాచలము పోయినవారు పాపికొండలు చూడనిదే తిరిగిరారు. నాగార్జునసాగరము పోయినవారు లాంచీ యెక్కి నాగార్జునకొండకు పోవుదురు. విజయవాడలో భవానీద్వీపము, విశాఖపట్టణమున ఋషికొండ, హైదరాబాదున హుస్సేనుసాగరము, ఎచ్చట చూచినను మోటారు పడవలే. పిల్లలకు రైలుకంటెను మోటారుబండికంటెను ఇదియే యెక్కువ వేడుక. ముసలివారును ఒడ్డున కూర్చుండుట కిష్టపడక, చేయి పట్టుకొని యెక్కింపుమని యడుగుదురు.

మన పెద్దల కాలమున పడవ ప్రయాణము వేడుక కాదు, అవసరము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలపై ధాన్యపు పడవలతోపాటు పెండ్లివారి పడవలును నడచినవి. అత్తవారింటికి పోవు పడుచు పడవలోనే పోయెడిది, పురిటికి పుట్టింటికి పడవలోనే వచ్చెడిది. అవి గడలతోను, తెరచాపలతోను, గట్టుమీద మనుష్యులు లాగు త్రాటితోను నడచిన పడవలు. వాటి వేగము మనుష్యుని నడక వేగము. నీటియెడ నెట్లు మెలగవలయునో ఆ యూళ్ల పిల్లలకు మాటలతోపాటే వచ్చెడిది. నేడు మనలో పెక్కుమంది నీటియొద్దకు ఏటికొకసారి పోవుదుము. పోయినపుడు ఎన్నో గుర్రముల బలముగల యంత్రముపై కూర్చుందుము. నీటితో పరిచయము తగ్గినది, యంత్రబలము పెరిగినది. మేమీ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

విహారము వలదని మేము చెప్పుట లేదు. గోదావరి కొండల నడుమ ఇరుకై మలుపు తిరుగుచోట, ఉదయపు మంచులో లాంచీ ముందుభాగమున కూర్చుండుటకంటె మించిన వేడుక మన దేశమున అంతగా లేదు. ఐనను ఆ వేడుకకు పోవు కుటుంబమున, టిక్కెట్లు కొనువారు మగవారైనను, పిల్లల చేయి పట్టుకొని పడవ యెక్కువారు మనము. లాంచీ కదలకముందు చూడవలసినవి కొన్ని కలవు. వానిని చూచు బాధ్యతను సరంగుకో, ప్రభుత్వమునకో పూర్తిగా వదలి కూర్చుండుట మనకు తగదు.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ, ఆదివారము. గండిపోచమ్మ గుడి సమీపమునుండి పాపికొండలకు బయలుదేరిన లాంచీ, దేవీపట్నము దాటిన పిమ్మట కచ్చులూరు వద్ద మధ్యాహ్నవేళ తలక్రిందులై మునిగినది. గోదావరి అప్పటికి వరదతో నున్నది. క్షణమునకు 5 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు క్రిందికి పోవుచుండెను. కచ్చులూరు మలుపున నది లోతు, వడి, సుడి మూడును గలది. లాంచీలో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. వారిని కాపాడినవారు ఒడ్డుననున్న తూటుగుంట గ్రామస్థులు. చిన్న నాటుపడవలపై వచ్చి, నీటిలో కొట్టుకొనిపోవుచున్నవారిని పైకి లాగిరి. మునిగిన లాంచీ రెండువందల అడుగులకు పైబడిన లోతున చిక్కుకొనగా, 38వ దినమున, అక్టోబరు 22వ తేదీన, కాకినాడనుండి వచ్చిన ధర్మాడి సత్యముగారి బృందము దానిని ఒడ్డునకు తెచ్చినది.

ఆ దినమున బ్రతికినవారిలో ఒంటిమీద లైఫ్ జాకెట్టు ఉన్నవా రెక్కువ. లాంచీలో జాకెట్లు లేకపోలేదు. కొందరు ఉక్కగా నున్నదని విప్పి ప్రక్కన పెట్టిరి. మేము ఈ సంగతి వారిని నిందించుటకు వ్రాయుట లేదు. సెప్టెంబరు ఎండలో మందపాటి బెండ్ల చొక్కా తొడుగుకొని గంటలకొలది కూర్చుండుట ఎంత బాధయో తొడిగినవారికే తెలియును. కాని లాంచీ ఒరుగుటకును మునుగుటకును నడుమ జాకెట్టు వెదకి, తొడిగి, బొత్తాములు బిగించునంత వ్యవధి ఉండదు. బల్లక్రింద నున్న జాకెట్టు ప్రభుత్వపు లెక్కకు పనికివచ్చును గాని మన బిడ్డకు పనికిరాదు.

జాకెట్టు తొడుగుటలో ఆడవారికి కొన్ని ప్రత్యేకపు చిక్కులు కలవు. పల్లూరులనుండి వచ్చినవారు బరువైన పట్టుచీరలతో యాత్రకు వత్తురు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని ఈత వచ్చినవారినిగూడ కట్టివేయును. నీటి ప్రయాణమునకు తేలికయగు నూలు చీరగాని, సల్వారు వంటిదిగాని మేలు. చీరయే కట్టవలసి వచ్చినచో కుచ్చెళ్లు పొట్టిగా పెట్టి, కొంగు నడుమున దోపి, దానిపై జాకెట్టు తొడిగి అన్ని పటకాలను బిగింపవలయును. జాకెట్టుపై కొంగు వేసికొని అందముగా కూర్చుండుట కూడదు. జాకెట్టు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. తొడిగినవారి భుజములవద్ద దానిని పట్టి పైకి ఎత్తి చూడుడు. అది గడ్డమును దాటి చెవులవరకు జారివచ్చినచో నీటిలోను అట్లే జారిపోవును. పిల్లలకు పెద్దల జాకెట్టు తొడిగి చేతులు దులుపుకొనుట మేము పలుచోట్ల చూచితిమి. ఆ బిడ్డ నీటిలో పడినచో జాకెట్టు తేలును, బిడ్డ క్రిందుగా జారును. పిల్లల జాకెట్లు వారి బరువునుబట్టి వేరుగా చేయుదురు; కాళ్ల సందున బిగించు పటకా గూడ వానికి ఉండును. చంటిబిడ్డను చీరతో తల్లి నడుమునకు కట్టివేయుట మరింత ప్రమాదము. ఒకరు మునిగిన ఇద్దరును మునుగుదురు.

జడ విషయము మరియొకటి. బ్రెజిలు దేశమున అమెజాను నదిపై చిన్న మోటారు పడవలలో ఇంజనునుండి వెనుకకు పోవు ఇరుసు అడుగుబల్లలపై కప్పులేకుండ తిరుగుచుండెడిది. నీరు తోడుటకో, జారిన వస్తువు తీయుటకో వంగిన ఆడపిల్లల జడ ఆ ఇరుసునకు చుట్టుకొని, తలచర్మము ఊడివచ్చిన ఘటనలు అక్కడ ఏండ్ల తరబడి జరిగినవి. బాధితులలో అధికసంఖ్యాకులు స్త్రీలును బాలికలును. తుదకు 2009వ సంవత్సరమున ఆ దేశపు శాసనసభ, ఇరుసునకు కప్పు లేనిదే పడవ నడపరాదని చట్టము చేసినది. మన కాలువలలోను, లంకలవద్దను ఇంజను బిగించిన నాటుపడవలు ఎన్నియో నడచుచున్నవి. వానిపై ఎక్కునపుడు జడను ముడిచుట్టుకొని, ఓణీ చెంగు దోపుకొని, ఇంజనుకు దూరముగా కూర్చుండవలయును.

లాంచీలో ఎక్కడ కూర్చుండవలయుననునది గూడ చిన్న మాట కాదు. 2018వ సంవత్సరము మే నెల 15వ తేదీన దేవీపట్నము మండలము మంటూరు వద్ద ఒక లాంచీ గాలివానకు బోల్తాపడినది. అది విహారపు లాంచీ కాదు. సంతలకు, పనులకు పోవు గిరిజనుల లాంచీ. వాన జల్లు లోపలికి కొట్టుచున్నదని తలుపులు, కిటికీలు మూసికొనియుండుటవలన లోపలివారు పెక్కుమంది బయటికి రాలేకపోయిరి. కావున మూసిన గదిలో కూర్చుండుటకంటె ద్వారమునకు దగ్గరగా, ప్రక్కలు తెరచియున్నచోట కూర్చుండుట మేలు. కూర్చున్న వెంటనే బయటికి పోవు దారులు ఎన్ని గలవో చూచి పిల్లలకు చూపవలయును. మబ్బు కమ్మి గాలి లేచినచో కిటికీ మూయుట కాదు, లాంచీని ఒడ్డు చేర్పుమని యడుగుట సరియైన పని.

మేడగల లాంచీలలో అందరును పై అంతస్తునకు ఎక్కగోరుదురు. బరువు పైకి పోయినకొలది పడవ నిలుకడ తగ్గును. నెత్తిన నిండుబిందెలు రెండు పెట్టుకొని నడచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. దానికి తోడు ఒడ్డున నెమలియో, జలపాతమో కనబడగానే అందరును ఒకే ప్రక్కకు పరుగెత్తుదురు. కేరళమున తానూరు వద్ద 2023వ సంవత్సరము మే నెల 7వ తేదీన 22 మంది మరణించిన పడవ, చేపలు పట్టు పడవను విహారమునకు మార్చినది; పరిమితికి మించిన జనముతో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట బయలుదేరినది. వడోదర పట్టణమున హర్ణి చెరువులో 2024 జనవరి 18న పన్నెండుమంది బడిపిల్లలును, ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించినపుడు కారణములు దాదాపు ఇవియే: అధికసంఖ్య, అందరికి లేని జాకెట్లు. మన కృష్ణానదిపై ఇబ్రహీంపట్నము సంగమమువద్ద 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారమున, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిన పడవకు విహారము నడుపుటకు అనుమతియే లేదు. నది ఏదైనను, రాష్ట్ర మేదైనను, కథ మాత్రము మారుట లేదు.

అడుగవలసినవి కష్టమైనవి కావు. పడవకు ఎంతమందికి అనుమతి యున్నదో వ్రాసియుండవలయును. 1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో చేసిన దేశీయ నౌకల చట్టము, ఇంజనుగల నౌకలకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము, ప్రాణరక్షణ సామగ్రి ఉండవలెనని విధించినది. కచ్చులూరు పిమ్మట గండిపోచమ్మ మొదలగు రేవులలో పడవలను పర్యవేక్షించు కేంద్రములను 2020 జూనులో ప్రారంభించిరి. ఇవి యన్నియు మంచివే. కాని రేవున అధికారి లేని వేళ, సరంగు తొందరపడుచున్నవేళ, అడుగవలసినవారు ప్రయాణికులే.

సరంగులు సామాన్యముగా చెప్పు సమాధానము మేము పలుమారు వింటిమి: “అమ్మా, పాతికేండ్లుగా ఈ నదిమీదనే యున్నాను. ఏమియు కాలేదు. ఎండగా నున్నది, ఫోటోలకును బాగుండదు, విప్పివేయుడు.” దీనికి కోపపడనక్కరలేదు. “నీ నేర్పుపై నమ్మకము లేక కాదు నాయనా, నదిపై నమ్మకము లేక. పిల్లలకు సరిపడు జాకెట్లు వచ్చినంతవరకు మేము ఎక్కము, వచ్చు లాంచీలో వత్తుము” అని నెమ్మదిగా చెప్పిన చాలును. ఇంటి మగవారు, “అందరిలో నవ్వులపాలు చేయుచున్నావు” అని విసుగుకొనవచ్చును. నవ్విన నవ్వనిండు. ఒక కుటుంబము ఎక్కననగానే ప్రక్క కుటుంబముగూడ ఆగి చూచుటయు, సరంగు ఎక్కడనుండియో చిన్న జాకెట్లు తెప్పించుటయు మే మెరిగినదే.

ఇంతవరకు చెప్పినది పరులు నడపు పడవలనుగూర్చి. స్వయముగా నడపువారు మన దేశమున తక్కువయైనను, అమెరికా మొదలగు దేశములందున్న మన పిల్లలు వేసవిలో సరస్సులకు పోయి మోటారు పడవలను, జెట్ స్కీలను అద్దెకు తీసికొందురు. వారికి ఉత్తరము వ్రాయు తల్లులు రెండు సంగతులు తెలిసికొనియుండుట మంచిది.

మొదటిది ఇంజను ఆపు త్రాడు. చిన్న వేగపు పడవలలో ఒక ఎఱ్ఱని త్రాడు ఉండును. దాని యొక కొస ఇంజను మీటకును, రెండవది నడపువాని కాలికో నడుమునకో తగిలింపవలయును. నడపువాడు జారిపడినచో త్రాడు ఊడి ఇంజను ఆగిపోవును. 2013వ సంవత్సరము మే 5వ తేదీన ఇంగ్లండు పడమటి కొసన, కార్న్‌వాల్ సీమలో ప్యాడ్‌స్టో సమీపమున ఒక కుటుంబము వారి సొంత పడవపై విహరించుచుండెను. తలిదండ్రులు, నలుగురు పిల్లలు. పడవ గట్టిగా మలుపు తిరుగుటతో ఆరుగురును నీటిలోనికి విసరివేయబడిరి. ఆ త్రాడు ఎవరికిని తగిలించియుండలేదు. మనిషి లేని పడవ అదే వేగముతో గుండ్రముగా తిరుగుచు వారిమీదికే వచ్చినది. తండ్రియు, ఎనిమిదేండ్ల కుమార్తెయు మరణించిరి. తల్లియు, చిన్న కుమారుడును తీవ్రముగా గాయపడిరి. ఆ దినమున తుఫానుగాని, వరదగాని ఏదియు లేదు. అమెరికాలో 26 అడుగులకు తక్కువైన పడవలలో, అట్టి త్రాడు ఉన్నచోట, దానిని తగిలించుకొనుట 2021 ఏప్రిలు 1నుండి చట్టరీత్యా విధి.

రెండవది జెట్ స్కీ స్వభావము. దానికి చుక్కాని లేదు. వెనుకకు చిమ్ము నీటిధారను ప్రక్కకు త్రిప్పుటచేతనే అది తిరుగును. ఎదుట ఏదైన కనబడగానే క్రొత్తవాడు భయపడి వేగము తగ్గించును. తగ్గించినంతనే ధార సన్నగిల్లి, పిడి ఎంత త్రిప్పినను అది తిరుగక సూటిగా పోయి గ్రుద్దుకొనును. సైకిలుపై నేర్చిన బుద్ధి ఇక్కడ శత్రువగును. ఫ్లారిడాలో 2024 మార్చిలో రెండు జెట్ స్కీలు ఢీకొనుటవలన తెలంగాణమునుండి చదువుకొన పోయిన విద్యార్థి యొకడు ప్రాణము కోల్పోయెను. ఆ రాష్ట్రమున 1988 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు పది గుర్రముల బలము, అంతకు మించిన పడవ నడపవలెనన్న పరీక్ష యిచ్చి పత్రము పొందవలయును. అట్టి పాఠము చదువుట అవమానము కాదు. మన రోడ్లపై ఎడమప్రక్కన పోవు అలవాటుగల మనవారు, నీటిపై ఎదురుపడిన రెండు పడవలును కుడికి తిరుగవలెనను మొదటి సూత్రమునే ఎరుగరు. కుడిచేతి వైపునుండి అడ్డముగా వచ్చు పడవకు దారి ఇయ్యవలెననునది రెండవ సూత్రము. మద్యము త్రాగి నడుపరాదనుట సూత్రముగా చెప్పవలసి వచ్చుటయే సిగ్గుచేటు.

ఇక పడవలో లేనివారి సంగతి. మన లాంచీ పోవుదారి ఎవరి వాకిలియో మనకు తోచదు. పాపికొండల దరులయందు కొండరెడ్లు నివసింతురు. ఆడవారు రేవునకు వచ్చి స్నానము చేయుదురు, గిన్నెలు తోముకొందురు. లాంచీలోనివారు రైలింగుపై వంగి వారి ఫోటోలు తీయుటయు, చేతులూపి కేకలు వేయుటయు మేము చూచితిమి. మన పెరటిలో మనము తలంటుకొనుచుండగా గోడమీద నూరుగురు నిలిచి చూచినచో మనకు ఎట్లుండునో, వారికిని అట్లేయుండును. లౌడుస్పీకర్ల పాటలును ఇట్టివే. కొండల నడుమ ఆ మ్రోత ఒడ్డునుండి ఒడ్డునకు ప్రతిధ్వనించి, లాంచీ వెళ్లిన చాలసేపటివరకు వినబడుచునే యుండును. అంతదూరము పోయినది ఆ నిశ్శబ్దము కొరకే గదా!

పడవ వెనుక లేచు అల మరియొక చిత్రము. పడవ నెమ్మదిగా పోవునపుడు మట్టసముగా కూర్చుండును, అల చిన్నదిగా నుండును. వేగము కొంత పెంచగానే ముందుభాగము పైకి లేచి, వెనుకభాగము నీటిలోనికి దిగబడును. అప్పుడు లేచునదే అన్నింటికంటె పెద్ద అల. తేలికపడవలు మరింత వేగము పుంజుకొని నీటిమీద జారునపుడు అల తిరిగి కొంత తగ్గును. కావున రేవు సమీపించునపుడు వేగము కొంచెము తగ్గించుటవలన మేలుకంటె కీడే యెక్కువ. పడవ మట్టసముగా కూర్చుండునంతవరకు తగ్గింపవలయును. అదియు రేవునకు ఎంతో ముందుగా. ఏలయన మనము ఆగినను, మనము లేపిన అల ఆగక మనలను దాటి ఒడ్డునకు పోవును. అల యెత్తు రెండింతలైనచో దాని బలము నాలుగింతలగును. నాటుపడవలో నిలుచుండి వల విసరు బెస్తవాడు ఆ దెబ్బకు తూలి పడవచ్చును. గట్టున కూర్చున్న పసిబిడ్డను ఆ నీరు లాగికొనవచ్చును. ప్రొపెల్లరు రెక్కలకు చిక్కి వల తెగినచో, ఆ యింట ఎన్ని దినములు పొయ్యి వెలుగదో లాంచీలో నున్నవారికి తెలియనే తెలియదు. నీటిపై బెండ్ల వరుస కనబడినచో దానిని చుట్టి పొమ్మని సరంగును హెచ్చరించుట మన పిల్లలకు నేర్పదగిన మర్యాద.

అదే అల కోరంగి మడ అడవులలో మెత్తని బురదగట్లను కోసివేయును. ఆ మడచెట్ల వేళ్ల నడుమనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. నీటికుక్కలు, బావురుపిల్లులు అక్కడ తిరుగును. గోదావరి ఇసుకతిన్నెలపై వేసవిలో గుడ్లుపెట్టు పక్షులు గూడు కట్టవు; ఇసుకలో చిన్న గుంటయే వాని గూడు, గుడ్లు గులకరాళ్లవలె నుండును. పిల్లలు తిన్నెపై దిగి పరుగెత్తునపుడు పక్షి యేదైన తలపై తిరుగుచు అరచుచున్నచో, గుడ్లు సమీపముననే యున్నవని యెఱిగి వెనుకకు రావలయును.

నీటిలోని జంతువుల బాధ మన కంటికి కనబడదు. ఫ్లారిడా నదులలో మానటీ యను సముద్రపు ఆవులు కలవు. మందగమనముతో నీటిపైకి వచ్చి ఊపిరి పీల్చుకొని దిగును. అక్కడి శాస్త్రజ్ఞులు ఒక్కొక్క మానటీని దాని వీపుపై ప్రొపెల్లరు కోసిన మచ్చలనుబట్టి గుర్తింతురు. మనకు సమీపమున చిలికా సరస్సున, శ్రీకాకుళము బరంపురము ప్రాంతపు తెలుగు కుటుంబములు తరచు పోవుచోట, ఇరవాడీ డాల్ఫినులు నూటయేబది ప్రాంతము మిగిలియున్నవి. ఒకటి తల యెత్తగానే పడవలు నలువైపులనుండి దానిపైకి పరుగులు తీయుట మంచిది కాదు. దానికి నీటిలో శబ్దమే చూపు, శబ్దమే మాట. ఇంజనుల రొద నడుమ అది మనము కిక్కిరిసిన తిరునాళ్లలో బిడ్డను పోగొట్టుకొనినట్లుండును. దూరమున ఇంజను తగ్గించుకొని ఓపికగా కూర్చున్నచో అదియే సమీపమునకు రావచ్చును, రాకున్నను నష్టమేమి?

చమురు మాట చెప్పక తీరదు. పాతరకపు రెండుదెబ్బల ఇంజనులలో నూనెను పెట్రోలుతో కలిపి పోయుదురు. ఆ మిశ్రమములో నాలుగవవంతు వరకు కాలకయే నీటిలోనికి పోవును. ఈ కారణముచేతనే అమెరికాలోని టాహో సరస్సుపై అట్టి పాత ఇంజనులను 1999లో నిషేధించిరి. నాలుగుదెబ్బల ఇంజనులు మేలు. ఏ యింజనైనను డబ్బాతో పెట్రోలు పోయునపుడు అంచువరకు నింపరాదు. చేత పాతగుడ్డ ఉంచుకొనవలయును. పడవ అడుగున చేరిన నూనెనీటిని గుడ్డలతో పీల్చి ఒడ్డునకు తేవలయును గాని నదిలోనికి తోడిపోయరాదు. నూనె తేలినచోట సబ్బునీరు చల్లినచో కంటికి మాయమగునే గాని పోదు. క్రిందికి దిగి చేపలకు చేరును. ఆ గోదావరి నీరే రాజమహేంద్రవరమున కుళాయిలలోనికి వచ్చును. తిన్న విస్తళ్లు, ప్లాస్టిక్కు సీసాలు సంగతి వేరుగా చెప్పనేల? ఒక గోనెసంచి వెంట తీసికొనిపోయి అన్నియు అందులో వేసి ఇంటికి తెచ్చుట మనకు క్రొత్త కాదు.

కేరళమున వైకోము వద్ద 2017 జనవరిలో ప్రారంభమైన ‘ఆదిత్య’ యను పడవ 75 మందిని సూర్యరశ్మి బలముతోనే దాటించును. పొగ లేదు, వాసన లేదు, ప్రక్కవారితో మామూలు గొంతుతో మాటలాడుకొనవచ్చును. వరదవడికి ఎదురు పోవలసిన గోదావరి లాంచీలకు అది యెంతవరకు కుదురునో పరీక్షింపవలయును గాని, హుస్సేనుసాగరము వంటి నిలుకడ నీటిపై విహారమునకు ఇంతకంటె తగిన పడవ వేరొకటి మాకు తోచదు.

తుదకు ఈత. పూర్వము కాలువగట్ల యూళ్లలో ఎండిన సొరకాయబుఱ్ఱలో, జీలుగుబెండ్లో వీపునకు కట్టి పిల్లలను నీటిలో దింపెడివారు. మగపిల్లలకు ఈ అదృష్టము దక్కినంతగా ఆడపిల్లలకు దక్కలేదు. ఈ వేసవిలో విహారయాత్రకు ఖర్చుపెట్టదలచినవారు, ముందుగా ఒక నెల తమ ఆడపిల్లలను పట్టణపు ఈతకొలనుకు పంపవచ్చును. దూరము ఈదుట మొదట అక్కరలేదు. వెల్లకిల పండుకొని, చెవులు నీటిలో మునుగనిచ్చి, గడ్డము పైకెత్తి, ఊపిరి నెమ్మదిగా తీయుచు కదలక తేలుట మొదట నేర్పవలయును. ఆరేడేండ్ల పిల్లకును ఇది కొలది దినములలోనే వచ్చును. అది వచ్చిన పిమ్మట, తెలిసినవారి కనుసన్నలలో, లోతు తక్కువైనచోట ఒకసారి పాత బట్టలతోనే నీటిలో దింపి అదే చేయింపుడు. పడవనుండి పడువారు ఈత దుస్తులతో పడరు. ఆ మరునాడు జాకెట్టు తొడిగి మరల దింపినచో అది తనను ఎట్లు పైకెత్తునో పిల్లకు తెలియును. లాంచీలో దానిని విప్పుమని ఎవరైన చెప్పినను విప్పదు.